వెనక్కి తీసుకున్న జవాబులు

మా అమ్మ కత్తిపీట పక్కింట్లో ఉండేది. వంటకు ముందు కూరగాయలు కొంగులో వేసుకుని పక్కింటి అత్త దగ్గరికి పోయేది, అక్కడే కోసి, ముక్కలు గిన్నెలో తెచ్చుకునేది. సూరత్‌లోని నవాగామ్ పేటలో మా గల్లీ ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఆడవాళ్లు ఒకచోట చేరి ముచ్చట పెట్టుకుంటూ పని చేసుకోవడం మామూలే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. మా అన్న కొడుకు నడక నేర్చినప్పటి నుంచే ఈ అలవాటు మొదలైందని కూడా ఎవరూ గమనించలేదు.

దాని కారణాన్ని ఆమె మొదటిసారి నోరు విప్పి చెప్పింది నాకు కాదు, మా మేడమ్‌కు. ఆ మాటను మేడమ్ ఏం చేసిందో, అందుకు నేను ఆమెకు ఏం చేశానో రాయాలని చాలాకాలంగా ఉంది. చేసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఇది చదివి నన్ను మంచిదాన్ని అనుకోవాల్సిన పని కూడా లేదు.

మా నాయిన సిరిసిల్ల దిక్కు నుంచి పవర్‌లూమ్ పనికి సూరత్ వచ్చాడు. ఆయన పోయాక అన్న కూడా మగ్గాల మీదికే వెళ్లాడు. నేను మున్సిపల్ తెలుగు బడిలో మొదలుపెట్టి, గుజరాతీ పిల్లల మధ్య కాలేజీ చదివి, సైకాలజీలో ఎం.ఏ. చేసి, ఒక ట్రస్టు ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో పరిశోధన సహాయకురాలిగా చేరాను. మేడమ్ అక్కడ క్లినికల్ సైకాలజిస్టు. కోస్తా వైపు మనిషి. భర్త హజీరాలో ఒక కంపెనీలో మేనేజరు, కాపురం కంపెనీ టౌన్‌షిప్‌లో. నా తెలుగు విని మొదటి రోజే నవ్వింది. ‘ఏంది’ అనకు, ‘ఏమిటి’ అను అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

మేము చేస్తున్నది ఓసీడీని కొలిచే ప్రశ్నావళి పని. ఓసీడీ అంటే చాలామంది అనుకున్నట్టు శుభ్రం పిచ్చి ఒక్కటే కాదు. వద్దనుకున్న ఆలోచన ఒకటి బుర్రలో దూరి పోనంటుంది. దాని భయం తీరడానికి మనిషి ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు. కడిగిన చేతులే కడగడం, వేసిన తాళమే చూడడం, లోలోపల దేవుడి పేరు అనుకోవడం, ఒక వస్తువును కంటికి దూరంగా పెట్టడం. ఆ బాధ ఎంత ఉందో కొలవడానికి ఇంగ్లీషులో ప్రశ్నావళులు ఉన్నాయి. వాటిని తెలుగులోకి మారిస్తే అదే బాధను కొలుస్తాయా, ఇంకేదన్నా కొలుస్తాయా అన్నది తేల్చుకోవాలి. అందుకు జనాన్ని అడగాలి. కొన్నాళ్లాగి అదే మనుషుల్ని మళ్లీ అడిగి, జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడాలి. మరోవైపు నిపుణులు వాళ్లతో విడిగా మాట్లాడి తేల్చినదానితో పోల్చాలి. సూరత్‌లోని తెలుగు కార్మికుల్లో ఈ పని చేయాలన్నది మేడమ్ ఆలోచన. మంచి ఆలోచనే, కాదనను.

అనువాదం ఆమే చేసింది. ‘మీకు అవాంఛిత ఆలోచనలు కలుగుతుంటాయా?’ అని అడిగితే మా గల్లీలో ఒక పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన చెవిన పడింది వాంఛ అన్న మాట ఒక్కటే. ఈ వయసులో నన్ను అట్లాంటివి అడుగుతావా అని కోపం. ‘ఏదైనా పనిని నిర్బంధంగా చేయవలసి వస్తుందా?’ అంటే ఇంకొకాయన తానెప్పుడూ జైలుకు పోలేదని చెప్పాడు. చేతులు మాటిమాటికీ కడుగుతారా అంటే అందరూ అవుననే అన్నారు. మగ్గాల దగ్గర పనిచేసేవాడికి చేతుల నిండా నూనె, ఒంటి నిండా దారం నుసి. కడగక ఏం చేస్తాడు? ఆ లెక్కన నవాగామ్ మొత్తానికి జబ్బున్నట్టు తేలేది.

నేను ప్రశ్నలన్నీ మా మాటలోకి తిరగరాశాను. ‘వద్దనుకున్నా ఒకటే ఆలోచన బుర్రల తిరుగుతదా?’ ‘మురికి పోయినంక గూడ చేతులు కడుగుతనే ఉంటరా?’ ఇట్లా. మేడమ్ చదివి, బాగానే ఉందిలే, పనివాళ్లకు ఇలాగైతేనే అర్థమవుతుంది అంది. అప్పుడు దాన్ని నేను మెప్పుగానే తీసుకున్నాను.

ప్రతి ఇంట్లో మొదలుపెట్టే ముందు ఒక కాగితం చదివి వినిపించాలి. మీరు చెప్పింది బయటికి పోదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు, మీ జవాబులు చెరిపేస్తాం. ఇవీ అందులోని మాటలు. వాళ్లు నమ్మింది ఆ కాగితాన్ని కాదు, నన్ను. మన బిడ్డే కదా అడిగేది అని తలుపు వేసి చెప్పుకున్నారు. పెళ్లాంతో అనని సంగతులు నాతో అన్నారు. దేవుడి పటం ముందు నిలబడితే నోట్లోకి బూతులు వస్తాయని, దాని భయంతో గుడికి పోవడమే మానేశానని ఒకాయన ఏడ్చాడు.

ఒకరోజు పక్కింటి అత్తను అడుగుతుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ‘మీకు పానమైనోళ్లను మీ చేతులతోనే ఏమన్న చేస్తరేమోనని భయమైతదా?’ అన్న ప్రశ్న దగ్గర ఆమె ముఖం తెల్లబడింది. మా ఇంట్లోకి పోయింది. తర్వాత ఒకరోజు నేను ఆసుపత్రికి బయల్దేరుతుంటే, నన్ను గూడ అడుగుతరా ఎవరన్న అని మెల్లగా అడిగింది.

సొంత మనుషుల్ని మేము అడగకూడదు. అమ్మను తీసుకుపోయి మేడమ్ గదిలో కూర్చోబెట్టి నేను బయట ఉన్నాను. ఆమె బయటికి వచ్చేసరికి కళ్లు వాచి ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది. ఇంటికి పోయేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుని అంతా చెప్పింది. మనవణ్ణి ఎత్తుకుని ఉన్నప్పుడు కత్తిపీట కంటపడితే, పిల్లాణ్ణి తానే దాని మీద పడేస్తానేమో అన్న ఆలోచన వస్తుందట. ఎంత తరిమినా పోదట. అట్లాంటిది తన బుర్రలోకి వచ్చిందంటే తాను ఎంత పాపిష్టిదో అని ఇన్నాళ్లూ కుమిలిందట.

“ఆ మేడమ్ ఇది రోగమే గని పాపం కాదన్నది, బిడ్డా,” అంది.

ఆ ఒక్క మాట అన్నందుకు ఆ సాయంత్రం మేడమ్‌ను నేను మనసులో ఎక్కడికో ఎత్తి కూర్చోబెట్టాను.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇలాంటి ఆలోచనతో నలిగేవాళ్లు ఆ పని చేసేవాళ్లు కారు. అది జరుగుతుందేమోనన్న భయానికి ప్రాణం విలవిలలాడుతుంది కాబట్టే ఆ ఆలోచన వదలదు. ఇది మాకు మొదటి పాఠాల్లోనే చెబుతారు. మేడమ్‌కు నాకంటే బాగా తెలుసు.

అంత తెలిసిన మనిషి, టౌన్‌షిప్‌లో ఒక పుట్టినరోజు విందుకు వెళ్లింది. ఆఫీసర్ల భార్యలంతా చేరారు. మీ పరిశోధన ఎందాకా వచ్చింది అని ఎవరో అడిగితే కబుర్లు మొదలుపెట్టింది. మగ్గాల వాళ్ల పేటలో ఒకావిడ ఉంది, మనవణ్ణి చంపేస్తానేమోనని భయపడి కత్తిపీట పక్కింట్లో దాచుకుంది, రోజూ వంకాయలు పట్టుకుని గల్లీలో ఊరేగుతుంది అని చెప్పిందట. కొందరు అయ్యో అన్నారట, కొందరు నవ్వారట. క్యాటరింగ్ వాళ్లతో అక్కడికి పూరీలు వేయడానికి వెళ్లినామె మా వెనక గల్లీ మనిషి. ఆమె అంతా విన్నది, తర్వాత నాకూ అమ్మకూ చెప్పింది. పేరు చెప్పాల్సిన అవసరమే లేదు. కత్తిపీటను పక్కింట్లో పెట్టుకునే మనిషి నవాగామ్ అంతా వెతికినా ఒక్కతే.

ఆ మాట మా గల్లీకి చేరేసరికి ‘భయపడుతుంది’ అన్నదీ, చెప్పింది ఎవరన్నదీ దారిలో రాలిపోయాయి. ‘చంపుతా అన్నది’ అన్నది మిగిలింది.

వదిన నీళ్ల ట్యాంకరు దగ్గర విన్నది. ఇంటికి వచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. పిల్లాడి బట్టలు సంచిలో పెట్టుకుని, అన్న షిఫ్టు దిగి వచ్చేదాకా పక్కింట్లో కూర్చుంది. మర్నాడు రైలెక్కి పుట్టింటికి పోయింది. తల్లిగా ఆమె చేసినదానికి నాకు కోపం లేదు. అమ్మ గోడకు ఆనుకుని చూసిందే గాని పిల్లాణ్ణి ఆఖరిసారి ముట్టుకోవడానికి కూడా ముందుకు రాలేదు. తనను తానే నమ్మలేకపోయింది.

ఆ తర్వాత అమ్మ వంట మానేసింది. కత్తెర, సూది, చివరికి స్టీలు గరిటె కూడా ఇంట్లోంచి తీసేయించింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చునేది. మేడమ్ ఇది పాపం కాదన్నది కదా అని నేను గుర్తుచేశాను.

“పాపం కాకపోతే అట్ల నవ్వుకుంటరా?” అంది.

నేను మేడమ్ గదికి వెళ్లాను. గొంతు పెంచకుండా జరిగింది చెప్పాను. ఆమె లాప్‌టాప్ మూసి, నన్ను కూర్చోమని, ముందు తనకు చాలా బాధగా ఉందంది. తర్వాత సర్దుకుంది.

“చూడమ్మా, నేను పేరు చెప్పలేదు. పేరు చెప్పనప్పుడు గోప్యతకు భంగం ఎక్కడ కలిగింది? మీ వాళ్లు మాటలు మోసుకెళితే నేనేం చెయ్యను?”

అందుకే నేనూ ఇక్కడ ఆమె పేరు చెప్పడం లేదు. పేరు లేకుండానే నలుగురూ పోల్చుకుంటే ఎట్లా ఉంటుందో ఆమెకూ తెలియాలి.

నేను లేవబోతుంటే ఓదార్పుగా ఇంకో మాట అంది. “మీ అమ్మగారిది చాలా విలువైన కేసు. మన డేటాకు మంచి బలం.”

అప్పటిదాకా నా ఒళ్లు ఉడికిపోతూ ఉంది. ఆ మాటతో ఉడుకు ఆగి గడ్డకట్టింది. ఆమెకు ఏది విలువైనదో ఆమే చెప్పేసింది. ఇక ఏం తీసుకోవాలో నాకు తెలిసింది.

నేను ఉద్యోగం మానేస్తాననుకుంది కాబోలు. మానలేదు. మునుపటికంటే శ్రద్ధగా చేశాను. రెండోసారి అడగాల్సిన వాళ్లందరినీ అడిగాను, జవాబులన్నీ ఎక్కించాను. లెక్కలు కట్టించి చూస్తే నిలకడ చక్కగా వచ్చింది. ప్రశ్నలన్నీ అనుకున్న గుంపుల్లోనే పడ్డాయి. కడగడం ఒక గుంపు, సరిచూసుకోవడం ఒక గుంపు, చెప్పుకోలేని ఆలోచనలు ఒక గుంపు. మేడమ్ ముఖం వెలిగిపోయేది. పెద్ద సదస్సులో సమర్పించమని పిలుపు వచ్చింది. విమానం టికెట్టు తీసుకుంది, కొత్త చీర కొనుక్కుంది. తెర మీద చూపించబోయే మొదటి పేజీ నాకు చూపించింది. పైన ఆమె పేరు. నా పేరు లేదు. చివరి పేజీలో ఎక్కడో క్షేత్ర సిబ్బందికి కృతజ్ఞతలు అని ఉంది. నేను బాగుంది మేడమ్ అన్నాను. నిజంగానే బాగుంది. కూలబోయే ఇంటి మీద నా పేరు ఎందుకు?

సదస్సు దగ్గరపడ్డాక, కార్ఖానాలకు సెలవున్న రోజు చూసుకుని మా వాళ్ల ఇళ్లకు మళ్లీ వెళ్లాను. మీకు చదివి వినిపించిన కాగితంలో ఎప్పుడైనా తప్పుకోవచ్చని ఉంది, గుర్తుందా అన్నాను. మనలో ఒకరు తలుపేసుకుని చెప్పుకున్నది మేడమ్ విందులో కథగా చెప్పింది, అది ఎవరిదో మీకందరికీ ఎరుకే అన్నాను. మిగతావాళ్లవి చెప్పిందో లేదో నాకు తెలియదు అన్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ చివరి మాట ఎంత లోతుకు దిగుతుందో తెలిసే అన్నాను.

మొదట కదిలింది పక్కింటి అత్త. తాను చెప్పింది తనకు వాపస్ కావాలంది. దేవుడి పటం సంగతి చెప్పి ఏడ్చినాయన, నా ముచ్చట గూడ చెప్పిందా అని అడిగి, నేను నోరు తెరిచేలోపే చెప్పులేసుకున్నాడు. ఒక్క యువకుడు మాత్రం రానన్నాడు. చెప్పుకున్నాకే తనకు నిద్ర పడుతోందని, తన జవాబులు అక్కడే ఉండనీయమని అన్నాడు. అతణ్ణి నేను బలవంతపెట్టలేదు. ఒక్క మనిషి జవాబులతో ఏ ప్రశ్నావళీ నిలబడదు.

పరిశోధనల మంచిచెడ్డలు చూడడానికి ఆసుపత్రిలో ఒక నైతిక సంఘం ఉంటుంది. దాని పెద్ద ఒక ముసలి గుజరాతీ డాక్టరు, మానసిక వైద్యుడే. మా వాళ్లు షేరింగ్ ఆటోల్లో వచ్చి ఆయన గది ముందు కారిడార్ అంతా కూర్చున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు, మా జవాబులు తీసేయండి అని చెప్పి వేలిముద్రలో సంతకాలో పెట్టారు. ఆయన నన్ను లోపలికి పిలిచి, వీళ్లను నువ్వే తెచ్చావా అని హిందీలో అడిగాడు. అవునన్నాను. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. నువ్వొక్కదానివే ఫిర్యాదు ఇస్తే సరిపోయేది కదా, నేను చర్య తీసుకునేవాణ్ణి అన్నాడు.

“మీరు ఆమెను మందలించేవాళ్లు, సాబ్. ఆ మందలింపు పర్సులో పెట్టుకుని ఆమె సదస్సుకు పోయేది,” అన్నాను.

ఈ పని నిలిచి ఉంటే ఎంతోమంది తెలుగువాళ్లకు ఉపయోగపడేది, బెన్, అన్నాడాయన గుజరాతీలో చెల్లెల్ని పిలిచినట్టు. మా అమ్మ కూడా అట్లానే అనుకుని లోపలికి పోయింది అన్నాను. ఆయన వేలిముద్రల కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

మేడమ్‌ను పిలిపించారు. ఆ గదికి పోవాలంటే మా వాళ్ల మధ్య నుంచే దారి. ఎవరూ కాళ్లు ముడుచుకోలేదు. ఆమె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఇటు తప్పుకుని అటు తప్పుకుని, ఎవరి ముఖమూ చూడకుండా నడిచింది. పక్కింటి అత్త మాత్రం ఆమెను కింది నుంచి పైదాకా తీరిగ్గా చూసింది. మనసు బాగాలేని రోజుల్లో నేను ఆ నడక గుర్తు తెచ్చుకుంటాను. ఇప్పటికీ పనిచేస్తుంది.

ఆ యువకుడివి తప్ప జవాబులన్నీ చెరిపేశారు. సదస్సు నుంచి ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. విచారణ జరిగింది, మనుషుల మీద పరిశోధన చేయకుండా ఆమెను పక్కన పెట్టారు.

కొన్నాళ్లకు మేడమ్ మా ఇంటికి వచ్చింది. కంపెనీ కారు గల్లీ మొదట్లోనే ఆగిపోయింది, అక్కడి నుంచి మురుగుకాల్వ పక్కన నడిచి రావాల్సి వచ్చింది. చేతిలో ఘారీ మిఠాయి డబ్బా. నేను కూర్చోమనలేదు, మంచినీళ్లివ్వలేదు. మా గడప దాటి వచ్చిన మనిషికి నీళ్లివ్వకపోవడం మా ఇంట్లో అదే మొదలు. ఆమె నన్ను వదిలేసి అమ్మ ముందు కింద కూర్చుంది. తన వల్ల పొరపాటు జరిగిందని, పెద్ద మనసు చేసుకోమని అంది. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

“మీరు ఒక్క మాట చెబితే మీ వాళ్లందరూ మళ్లీ ఒప్పుకుంటారమ్మా.”

అమ్మ ఆమె ముఖంలోకి చూసింది, తర్వాత తలుపు వైపు చూసింది.

“నా మన్మన్ని తెచ్చినవా, బిడ్డా?” అని అడిగింది.

ఎత్తిపొడుపుగా అడగలేదు. పెద్ద మేడమ్ కదా, కారులో వచ్చింది కదా, క్షమించమంటోంది కదా, అంటే పిల్లాణ్ణి తెచ్చే ఉంటుందని నిజంగానే అనుకున్నట్టుంది.  మేడమ్ డబ్బా అక్కడే వదిలి లేచి వెళ్లిపోయింది. గుమ్మంలోంచి చూస్తున్న పక్కింటి అత్త ఆ డబ్బా పట్టుకుని వెనకాలే పోయి, కారు సీట్లో పెట్టి వచ్చింది. నేను ఎన్ని నెలలు పళ్లు బిగపట్టి చేసినా, అమ్మ అడిగిన ఆ మాటలో ఉన్నంత దెబ్బ నా పనిలో లేదు. అది చూసి నాకు కడుపు నిండిపోయింది.

అమ్మకు వైద్యం ఆ ముసలి డాక్టరే చూశాడు. వదినవాళ్లకు నచ్చజెప్పడానికి ఆయన ఫోన్‌లో హిందీలో చెబుతుంటే నేను మాట మాటా తెలుగులో చెప్పేదాన్ని. వదిన వాళ్ల నాన్న మొదట ఫోన్ పెట్టేసేవాడు. తర్వాత తర్వాత వినడం మొదలుపెట్టాడు. అన్న అక్కడికి పోయి వాళ్ల వాకిట్లో కూర్చుని బతిమాలాడు. చివరికి వదిన వచ్చింది. పిల్లాణ్ణి బాపమ్మ దగ్గర ఒంటరిగా వదలనని ముందే చెప్పి వచ్చింది, అమ్మ కూడా వదలొద్దనే అంది. హిందీ, గుజరాతీ కలిపి మాట్లాడుతూ పోయిన పిల్లాడు పల్లె తెలుగుతో తిరిగొచ్చాడు. వాడు ‘గట్లనే’ అంటే అమ్మకు నవ్వొస్తుంది. కొన్ని రోజులు బాగుంటుంది. కొన్ని రోజులు వాడు దగ్గరికి వస్తే లేచి బయటికి పోతుంది.

డాక్టరు ఇప్పుడు ప్రశ్నావళి పని మళ్లీ మొదటి నుంచి చేద్దామంటున్నాడు, ఈసారి నా పేరుతో. నవాగామ్‌లో నాకు తలుపులు తీస్తున్నారు, చాయ్ ఇస్తున్నారు. ప్రశ్నలు మొదలుపెట్టగానే అన్నిటికీ లేదు, లేదు, లేదు అంటున్నారు. దేవుడి పటం ముందు నిలబడలేనాయన కూడా అట్లాంటివేమీ లేవని నవ్వుతూ చెప్పాడు. ఆయన ఇప్పటికీ గుడికి పోడని నాకు తెలుసు. ఇది కూడా ఆమె చేసిందే. నా మీద వేసుకోను.

మేడమ్ భర్తకు వేరే ఊరికి బదిలీ అయింది. ఈ మధ్య పాత సహోద్యోగిని ఒకామె ఫోన్ చేసి చెప్పింది. అక్కడ ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి పోతే, సూరత్‌లో ఎందుకు మానేశారని అడిగారట, విచారణ సంగతి తెలిసి తీసుకోలేదట. ఇంట్లోనే ఉంటోందట, ఎవరినీ కలవడం లేదట, అక్కడి టౌన్‌షిప్ ఆడవాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని భయపడుతోందట. పాపం కదా అంది ఆమె.

అమ్మ పక్కనే ఉండి స్పీకర్‌లో అంతా వింటోంది. ఇంక చాలు బిడ్డా, వదిలెయ్ అన్నట్టు చెయ్యి ఊపింది. నేను ఫోన్ తీసుకుని వాకిట్లోకి వచ్చాను.

“ఏమన్నావు? సరిగ్గా వినిపించలేదు,” అన్నాను. “మళ్లీ మొదటి నుంచి చెప్పు.”